కొండమీద ప్రభువు దాహం

మా మావగారు తొకుజిరోకి ప్రాణం కంటే ఆచారం ఎక్కువ. ఊరి కొండమీది కోట శత్రువుల ముట్టడిలో కూలిన రోజున ఏటా పైకెక్కి, అకివరా ప్రభువు స్మారక శిలమీద వెదురు గొట్టంలో తెచ్చిన నీళ్ళు పొయ్యాలి. గుక్కెడు నీళ్ళు దొరక్క ప్రాణాలొదిలిన మనిషి కాబట్టి ముందు ఆయన తాగాలి, ఆ తర్వాతే మనం. ఇంట్లో బయల్దేరిన దగ్గర్నుంచీ మావగారి నోట్లో చుక్క పడలేదు. ఆగస్టు ఎండ మాడు పగలగొడుతోంది.

మా ఆయన పనిమీద ఊరెళ్ళడంతో ఈసారి తోడు నేను వెళ్ళాల్సి వచ్చింది. నాకు ఆ కొండంటే హడలు. కోటకి నీళ్ళందే ఊటని శత్రువులకి చూపించి, లోపలికి చుక్క రాకుండా కట్టించింది ఉషిరోదని పల్లెవాళ్ళు. అప్పట్నుంచీ, అంటే నాలుగు వందల ఏళ్ళుగా, వాళ్ళని ఈ కొండ ఎక్కనివ్వరు. నేను ఉషిరోదని పిల్లని. ఆ సంగతి మా ఆయనకి తెలుసు, మావగారికి తెలియదు. పట్నం పిల్లనని చెప్పి పెళ్ళి కానిచ్చేశాం.

"ఏం అమ్మాయ్, అప్పుడే ఆయాసమా? పట్నం కాళ్ళు మరి!" అని దారంతా ఆటపట్టిస్తూనే ఉన్నారు. "అదుగో, కింద రేకుల కప్పులు కనిపిస్తున్నాయే, అదే ఉషిరోదని. ఆ ద్రోహుల గాలి కూడా సోకకూడదు మనకి."

ఆ కప్పుల్లో ఒకటి మా అమ్మమ్మది. నాకు ఒళ్ళు మండిపోయింది. గబగబా ఎక్కాను.

కూలిన కోటగుమ్మం దగ్గర ఆయన కాలు జారింది. వెదురు గొట్టం రాతికి తగిలి నిలువునా చీలింది. నీళ్ళన్నీ మట్టిలో ఇంకిపోతుంటే అలాగే చూస్తూ, శిల ఎదుట కూలబడ్డారు. మొహం కందగడ్డలా అయింది. ఒంటిమీద చెమట లేదు. చెయ్యి పట్టుకుంటే పెనంలా కాలుతోంది.

సంచీలోంచి బార్లీ టీ సీసా తీశాను. "తాగండి మావయ్యా."

"ప్రభువు తాగలేదు."

"పోనీ ఆయనకీ ఇదే పోద్దాం."

"వేళాకోళమా? నీళ్ళు లేక ప్రాణం పోయిన మనిషికి టీ పోస్తావా?" పళ్ళు బిగించేశారు. సీసా పెదాలకి ఆనిస్తే తల తిప్పేసుకున్నారు.

ఫోన్ చేస్తే అంబులెన్సు వాళ్ళు బయల్దేరుతున్నామన్నారు. కొండెక్కి రావాలి కాబట్టి అంతవరకూ నీళ్ళు పట్టిస్తూ ఉండమన్నారు. వాళ్ళదేం పోయింది, చెప్పడానికి! మావగారి మాట ముద్దముద్దగా వస్తోంది. నన్ను చూసి, ఎప్పుడో పోయిన మా అత్తగారి పేరు పెట్టి పిలిచారు.

ఊట ఎక్కడుందో నాకు తెలుసు. కొండెక్కకపోయినా మా పల్లెలో ప్రతి పిల్లకీ అమ్మమ్మలు చెబుతారు. ఉత్తరపు గోడ మూల, పొదల వెనక, పలకరాయి కింద. బయట మాత్రం నోరు విప్పకూడదు. మావగారి ఊళ్ళోవాళ్ళు అది ఎప్పుడో ఎండిపోయిందనుకుంటారు. నిజంగా ఎండిపోయిందేమో, నాకు మాత్రం ఏం తెలుసు? నీళ్ళు తెస్తే నేనెవరో బయటపడుతుంది. తేకపోతే ఈ మొండిమనిషి నా కళ్ళముందే పోతాడు.

ఆయన్ని నీడలోకి లాగాను. టీ అంతా ఆయన తలమీద కుమ్మరించి, ఖాళీ సీసాతో పరుగెత్తాను. పొదల్లో దూరితే చేతులు గీరుకుపోయాయి. పలకరాయి ఓ పట్టాన కదల్లేదు. ప్రభువునీ మా పూర్వీకుల్నీ కలిపి తిట్టుకుంటూ భుజం ఆనించి నెట్టాను. అడుగున నీళ్ళ చప్పుడు వినిపించింది. ఏడుపొచ్చేసింది నాకు.

తిరిగొచ్చి, ఆయన చూస్తుండగానే సగం సీసా శిలమీద పోశాను. మిగతా సగం ఆయన చేతిలో పెట్టాను.

"ప్రభువు తాగారు. ఇక మీరు తాగండి."

సీసా చల్లదనానికి ఆయనకి కాస్త తెలివొచ్చింది. దాని వంకా, నా మోకాళ్ళకంటిన బురద వంకా చూశారు.

"నువ్వు ఉషిరోదని పిల్లవా?"

"అవును."

సీసాని మొహానికి దూరంగా జరిపారు. సీసా విసిరేస్తారేమోనని నా పైప్రాణాలు పైనే పోయాయి.

"ఊట ఉందని మీ ఊళ్ళో అందరికీ తెలుసా?"

"తెలుసు."

"తరతరాలుగా మేం కిందనుంచి నీళ్ళు మోసుకొస్తుంటే చూస్తూ కూర్చున్నారా? ఇదుగో ఇక్కడుందని ఒక్కళ్ళూ చెప్పలేదేం?"

"ఒకసారి చెప్పాం కదా మావయ్యా."

ఆయన నా మొహంలోకి చూశారు. తర్వాత సీసా ఎత్తి, గుక్క తిప్పుకోకుండా తాగేశారు. ఖాళీ సీసా నా చేతికిచ్చి, "ఇంకాస్త తే తల్లీ" అన్నారు.