ఏడో పిలుపు

వీపు బుట్టలో బియ్యం మూట మీద కొత్త స్పీకర్ పెట్టెను నిలబెట్టి, రెండింటినీ కలిపి తాడుతో బిగించి, బుట్ట పట్టీని నుదుటికి ఆనించుకుని ద్రోల్ లేచాడు. లేవడంలో ఒక పద్ధతి ఉంది. ముందు కుడి మోకాలు నేలను నొక్కుతుంది, తర్వాత మెడ బిగుసుకుంటుంది, ఆ పైనే వెన్ను బరువుకు ఒప్పుకుంటుంది. బొగ్గు గనుల్లో బతుకంతా బుట్ట మోసినవాడికి ఈ వరస ఎవరూ నేర్పనక్కర్లేదు. ఈ మధ్య మాత్రం వెన్ను ఒప్పుకున్నా ఛాతీ ఒప్పుకోవడం లేదు. ఎడమ భుజం కింద ఎవరో పిడికిలి బిగించినట్టు అవుతుంది. కాసేపు నిలబడితే ఆ పిడికిలి సడలుతుంది. నిలబడ్డాడు. సడలింది. నడిచాడు.

జీపు ఆగే చోటు నుంచి బడి దాకా రాతి మెట్లే దారి. లోయలోకి దిగాలి, వాగు దాటాలి, మళ్ళీ ఎక్కాలి. షిల్లాంగ్ దాటాక వచ్చే సోహ్రా కొండల ఈ తూర్పు వాలు మీద బియ్యమైనా, సిమెంటైనా, పెళ్ళికొడుకు పెట్టె అయినా ఎవరో ఒకరి నుదుటి మీదుగానే ఊరు చేరాలి. బడికి కావలసినవన్నీ పదేళ్ళుగా ద్రోల్ నుదుటి మీదే చేరుతున్నాయి. ఆ నుదుటి మీద పట్టీ ఒరిసిన చోట చర్మం నల్లబడి తోలులా మెరుస్తుంది. మనిషి పొట్టి. పిక్కలు మాత్రం వయసు మరిచిపోయినట్టు గట్టిగా ఉంటాయి. అరవై దాటి అయిదారేళ్ళయిందని అతని అంచనా. కాదనడానికి వేరే ఆధారం ఎక్కడా లేదు.

స్పీకర్ ఎందుకంటే, బడికి నిరుడు వచ్చిన పెద్ద టీవీ గొంతు వానాకాలంలో రేకుల కప్పు కింద వినపడదు. టీచరు ఇబాన్రీ షిల్లాంగ్‌లో సైన్సు చదువుకుని వచ్చిన అమ్మాయి. ఊరంతా అక్క అనే అర్థంతో ఆమెను కాంగ్ అంటారు, మగవాళ్ళనైతే అన్న అనే అర్థంతో బా అంటారు. మూడు, నాలుగు తరగతుల పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టి ఆమె ఈ నెలంతా ఒక పని చేయిస్తోంది. జిల్లాలో జరిగే బడిపిల్లల సాంస్కృతిక ప్రదర్శనకు పంపడానికి ఊరి పిలుపులన్నీ ట్యాబ్‌లో పట్టి, తెర మీద ఒక పటంగా పేర్చాలి. బొమ్మను తాకితే పిలుపు వినిపించాలి.

ఆ ఊళ్ళో బిడ్డ పుట్టగానే తల్లి ఒక రాగం కడుతుంది. అందులో మాట ఉండదు. ఇంట్లో దాని చిన్న ముక్కతో పిలుస్తారు, అడవిలో పొడుగ్గా సాగదీసి పిలుస్తారు. అడవిలో పేరు పెట్టి పిలిస్తే దయ్యాలు ఆ పేరు పట్టుకుని మనిషిని దారి మళ్ళిస్తాయట, రాగమైతే పిట్ట కూత అనుకుని వదిలేస్తాయట. లోయ అవతలికి మాట కంటే సాగిన రాగం బాగా చేరుతుందన్న కారణం ఒక్కటే ఈ ఆచారానికి చాలు. దయ్యాలను తర్వాత ఎవరో జత చేసి ఉంటారు. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. మనిషి పోతే అతని రాగాన్ని మళ్ళీ ఎవరూ నోట పలకరు.

పిల్లలు ట్యాబ్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. ద్రోల్‌ను మాత్రం ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు. గనుల నుంచి వచ్చినవాడు, బడి వెనక వంటగదిని ఆనుకున్న కొట్టులో పడుకునేవాడు, పిల్లలకు మామ. అంతకుమించి అతని గురించి తెలుసుకోవలసింది ఉంటుందని ఎవరనుకుంటారు?

మధ్యాహ్నానికి ముందు అతను వంటగది వెనక కట్టెలు చీలుస్తుండగా గదిలో స్పీకర్ పని మొదలుపెట్టింది. ఇబాన్రీకి ఈ మధ్యే ఇంటర్నెట్‌లో ఒక పాత రికార్డు దొరికింది. దాదాపు అరవై ఏళ్ళ కిందట ఎవరో టేపు యంత్రంతో వచ్చి, ఒక సాయంత్రం దారిలో నిలబడి, పిల్లలను ఇంటికి పిలిచే తల్లుల గొంతులను పట్టుకెళ్ళాడు. మొత్తం ఏడు పిలుపులు. వాటినీ ఆమె పటంలో వరసగా ఏడు గళ్ళలో చేర్చింది. ఆరింటిని పెద్దవాళ్ళు గుర్తుపట్టారు. ఏడోది ఎవరిదో ఎవరికీ తెలియలేదు. టీచరు ఒక్కొక్కటే వినిపిస్తోంది. ద్రోల్ వింటున్నాడో లేదో అతనికే తెలియదు. గొడ్డలి లేస్తోంది, దిగుతోంది.

ఏడో పిలుపు వచ్చింది.

గొడ్డలి దిగలేదు. పైకెత్తిన చేతులు పైనే ఉండిపోయాయి. ముందు అతని దేహమే కదిలింది, మనసుకు ఇంకా సంగతి చేరలేదు. పాదాలు వాటంతటవే లోయ వైపు తిరిగాయి. గొంతులో ఒక జవాబు పుట్టి, నాలుక దాకా వచ్చి, అక్కడ ఏమీ తోచక ఆగిపోయింది. ఆ రాగం చివర చిన్న విరుపు ఉంది, మెట్టు తప్పినట్టు. ఆ విరుపు లోకంలో ఒక్క గొంతుకే ఉండేది.

లోయ అడుగున అప్పట్లో ఒక పల్లె ఉండేది. ద్రోల్‌కు పదేళ్ళప్పుడు, తమలపాకుల కట్ట అమ్మడానికి ఈ పై ఊరికి వచ్చి వానకు అక్కడే ఆగిపోయిన రాత్రి, కొండచరియ విరిగి పల్లె మీద పడింది. తెల్లారి చూస్తే పల్లె ఉండవలసిన చోట ఎర్రమట్టి, దాని మీద నడుస్తున్న నీళ్ళు. అతని రాగం తెలిసినవాళ్ళందరూ దాని కింద ఉన్నారు. తర్వాత ఎవరో దూరపు చుట్టం గనులకు తీసుకుపోయాడు. అక్కడ 'ఒరే' అన్నారు, ద్రోల్ అన్నారు, బుట్ట ఖాళీ చెయ్యి అన్నారు. గనులు మూతపడ్డాక తిరిగి వచ్చాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ రాగం అతని చెవిన పడలేదు. తనను తాను పిలుచుకునే మనిషి ఉండడు కదా.

భోజనాల వేళకు పిల్లల నోళ్ళలో అన్నం ముద్దలతో పాటు ఏడో పిలుపు ఆడుతోంది. దాఫీ అనే నాలుగో తరగతి పిల్ల పళ్ళెం చాపుతూ, అది ఎవరిదో తెలుసా మామా అని అడిగింది. అతను పప్పు వడ్డించాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ వడ్డించాడు. పళ్ళెంలో పప్పు చెరువైంది.

ఆ కూనిరాగాలు విని పక్కింటి ముసలమ్మ ఫిదాలిన్ గొడుగు ఊపుకుంటూ వచ్చింది. పిలుపుల విషయంలో ఊరికి ఆమె మాటే తీర్పు. "చచ్చినోళ్ళ పిలుపుని చద్దన్నంలా నముల్తున్నారేమే పిల్లల్లారా. ఆ ఆరింటికీ మనుషులెవరో తెలుసు, నోరు కట్టుకున్నాం. దీనికి మనిషే లేడు. మనిషి లేని పిలుపు దయ్యానిదే" అంది. ఇబాన్రీకి దయ్యాల మీద నమ్మకం లేదు, ముసలమ్మను నొప్పించే ఉద్దేశమూ లేదు. గుర్తుతెలియని పిలుపును ప్రదర్శనకు పంపడం తనకూ ఇష్టం లేదనీ, సాయంత్రం పటం పంపేలోగా దాన్ని చెరిపేస్తాననీ చెప్పింది.

ద్రోల్ పళ్ళాలన్నీ కడిగాడు. కడిగినవాటినే మళ్ళీ కడిగాడు. చెరిపేయడమంటే ఏమిటో అతను కిటికీలోంచి ఒకసారి చూశాడు. ఆమె వేలు తెర మీద అలా తాకింది, ఇలా ఒక బొమ్మ మాయమైంది. మట్టికి కూడా అంత తొందర లేదు. చేతులు తుడుచుకుని, టోపీ తీసి, పదేళ్ళలో మొదటిసారి తరగతి గడప దగ్గర నిలబడ్డాడు.

"ఆ ఏడోది తీసెయ్యకు కాంగ్. అది నాది."

ఫిదాలిన్ గొడుగు కిందికి దించింది. "నీదా? నీకు పిలుపెక్కడిది బా ద్రోల్? నిన్నెవరైనా పిలవగా ఈ చెవులతో ఎప్పుడూ వినలేదే."

"పిలిచేవాళ్ళు మట్టి కింద ఉన్నారు."

ఇబాన్రీ అతన్ని కూర్చోమంది. అతను కూర్చోలేదు. నమ్మనని కాదు గాని, నలుగురికీ తెలిసే ఆనవాలు ఏదైనా ఉందా అని ఆమె మెల్లగా అడిగింది. అతను టోపీని రెండు చేతులతో తిప్పుతూ చెప్పాడు.

"మీరెప్పుడూ పిలుపు అవ్వగానే ఆపేస్తున్నారు. ఈసారి ఆపకండి. ఆ రోజు నేను వెంటనే పలకలేదు. తేనెపట్టు చూస్తా కూర్చున్నా. అమ్మ రెండోసారి పిలిచింది, కోపంగా. అప్పుడు పలికా. పెట్టె పట్టుకున్నాయన నవ్వాడంట. ఇంటికొచ్చాక అమ్మ చెప్పి మరీ కొట్టింది."

ఇబాన్రీ తెరను తాకింది. పిలుపు వచ్చింది, అయిపోయింది. ఆ తర్వాత ఉన్నది ఖాళీ టేపని అంతకుముందు అందరూ అనుకున్నారు. కీచురాళ్ళ చప్పుడు, గాలి. అది ఎంతకూ తెగలేదు. వెనక వరసలో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. అప్పుడు అదే గొంతు రెండోసారి లేచింది, ఈసారి పొట్టిగా, కొస విరిచేసినట్టు. దాని వెనకే, ఎక్కడో లోయ అడుగు నుంచి, దారమంత సన్నని పిల్లవాడి గొంతు "హోయ్" అంది. యంత్రం దగ్గర ఎవరో మగమనిషి నవ్వాడు. టేపు అయిపోయింది.

ఫిదాలిన్ అరచెయ్యి నోటికి అడ్డం వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఇబాన్రీ వేలు తెర మీదే ఉంది, తీయాలని ఆమెకు తోచలేదు. పిల్లలు టీవీని చూశారు, గడప దగ్గరి ముసలివాణ్ణి చూశారు, మళ్ళీ టీవీని చూశారు. నెరిసిన ఆ గడ్డానికీ, ఆ సన్నని గొంతుకూ మధ్య దారి వాళ్ళ లెక్కకు అందడం లేదు. చివరికి దాఫీ అడిగింది.

"మామా, అది నువ్వా? అంత చిన్నగా ఉండేవాడివా?"

ద్రోల్ తలూపాడు. అతని మొహం చెంపదెబ్బ తిన్న పిల్లవాడి మొహంలా, ఏడవాలో మానాలో తేలక అలాగే ఉంది.

ఫోటో తీస్తామంటే తొట్టి దగ్గరికి వెళ్ళి జుట్టు తడుపుకుని వేళ్ళతో దువ్వుకుని వచ్చాడు. ఏడో గడిలో అతని మొహం కూర్చుంది. పటం జిల్లాకు వెళ్ళిపోయింది. ఫిదాలిన్ వెళ్తూ వెళ్తూ, ఇన్నాళ్ళూ నోరెత్తని నిన్ను ఏమనాలయ్యా అని తిట్టింది. ఆమె ఎవరినైనా మన్నించే పద్ధతి అదే.

జీపు దగ్గర నూనె డబ్బా ఉండిపోయింది. రేపు తేవచ్చు కదా అని టీచరంటే, వాన తెరిపి ఇచ్చింది, ఇప్పుడే పోయొస్తానన్నాడు ద్రోల్. ఖాళీ బుట్టతో మెట్లు దిగాడు. పిల్లలు గోడ ఎక్కారు. దాఫీ మొదలుపెట్టింది, తక్కినవాళ్ళు అందుకున్నారు. పొడుగు రాగం, చివర ఆ విరుపుతో సహా. మొదటి మలుపు నుంచి "హోయ్" అని జవాబు వచ్చింది. పిల్లలు విరగబడి నవ్వి మళ్ళీ పిలిచారు. రెండో మలుపు నుంచి కూడా వచ్చింది, కాస్త దూరంగా. మూడోసారి పిలిస్తే రాలేదు. కొండ అడ్డం వచ్చిందనుకున్నారు. ఇంతలో బడి విడిచిపెట్టారు.

పొద్దు వాలే వేళకు, చీపురుగడ్డి కోసుకుని వస్తున్న ఆడవాళ్ళు దారి పక్క అలసట తీర్చుకునే రాతి బల్ల మీద అతన్ని చూశారు. వీపు వెనక బండకు ఆనుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, లోయ వైపు చూస్తూ కూర్చున్నాడు. పలకరిస్తే పలకలేదు.

తల్లి పిలిచింది, వెళ్ళాడు అంది ఊరు. ఊరికి మరో మాట దొరకలేదు. నిరుటి చలికాలంలోనే ఆరోగ్య కేంద్రం నర్సు అతని ఛాతీ మీద గొట్టం పెట్టి విని, ఇక బరువు మోయొద్దని గట్టిగా చెప్పింది. అతను తలూపి, మరి బియ్యం ఎవరు తెస్తారని అడిగాడు. యంత్రం ఎవరినీ పిలవదు. తనలో దాచిపెట్టినదాన్ని అడిగినప్పుడు తిరిగి ఇస్తుంది, అంతే. గుండె ఎన్నో నెలలుగా ఆగడానికి చోటు వెతుక్కుంటోంది. ఈ సంగతి ఎంత నిజమైనా, ఆ రోజు ఆ గోడ ఎక్కిన పిల్లలకు దానితో పనిలేదు.

మర్నాడు బడికి అందరూ వచ్చారు. ఎవరూ ఏడవలేదు. ఏడుపు రావడానికి కూడా కొంత వ్యవధి కావాలి. దాఫీ తన బల్ల దగ్గరే నిలబడి టీచర్ని అడిగింది.

"మేం పిలిచినందుకేనా?"

ఇబాన్రీ సుద్దముక్క కింద పెట్టింది. దగ్గరికి వచ్చి, పిల్ల ఎత్తుకు వంగి చెప్పింది.

"కాదు. మీరు పిలిచారు కాబట్టి రెండుసార్లు పలికాడు. పిలవకపోతే ఒక్కసారి కూడా పలికేవాడు కాదు."

కట్టుబాటు ప్రకారం ఆ రాగాన్ని ఇక ఎవరూ నోట పలకకూడదు. చెరిపేయమని ఫిదాలిన్ అడగలేదు. ఇబాన్రీ కూడా చెరిపేయలేదు. వింటే పిల్లల నోరు ఆగదని, బడిలో ఉన్న పటంలో శబ్దం మాత్రం తీసేసింది. ఇప్పుడు ఏడో గడిని తాకితే తడిజుట్టు దువ్వుకున్న ఒక మొహం పెద్దదవుతుంది, కాసేపు చూస్తుంది, మళ్ళీ చిన్నదవుతుంది.

అతన్ని మోసుకుపోయినవాళ్ళు బుట్టను తీసుకుపోయారు, టోపీని తీసుకుపోయారు. రాతి బల్ల మీద, అతను కూర్చున్న చోటికి జానెడు దూరంలో, పచ్చి వక్క సగం చెక్క, ఎదుటి మనిషికి ఇవ్వడానికన్నట్టు సున్నం రాసి మడిచిపెట్టిన తమలపాకులో, అలాగే ఉండిపోయింది.