పందుల్ని పిలిచే గొంతు

మా కౌంటీ సంతలో పందుల్ని పిలిచే పోటీకి మా చెల్లెలు లవీనా దిగిందంటే మిగతావాళ్లు ఇంటికెళ్లిపోవాల్సిందే. మొదటి బహుమతి నీలం రిబ్బను ప్రతి ఏడూ దానిదే. అలాంటి గొంతును కర్టిస్ వచ్చాక అణిచేసుకుంది. అతను మా చర్చిలో గిటార్ వాయిస్తాడు. మొక్కజొన్న కోతలవగానే ఇద్దరికీ పెళ్లి. మంచివాడే, కాదనను. కానీ నలుగురూ నవ్వుతారంటే హడలి చస్తాడు.

ఈసారి సంత వేదిక మీద లవీనా సొంతంగా కట్టిన పాట, కర్టిస్ గిటార్. పొద్దుట్నుంచీ నాకు కాలు నేలమీద ఆనడం లేదు. తీరా ఎక్కబోయే ముందు కర్టిస్ మెల్లగా అన్నాడు.

"శ్రుతి దించేశాను లవీ. పాటలో ఆ పందుల్ని పిలిచే కేక వద్దులే. పక్కనే పందుల కొట్టం, జనం పడీ పడీ నవ్వుతారు."

"దించితే అది పాటా, జోలపాటా?" అన్నాను.

"మీరూరుకోండి వదినా."

లవీనా తలూపి మైకు దగ్గరికి నడిచింది. నాకు ఒళ్లు మండిపోయింది.

పాట మొదలైంది. నన్ను ప్రేమిస్తే నా గొంతునీ ప్రేమించు అంటుంది మొదటి చరణం. దేవుడిచ్చిన గొంతును ఎవరికోసమూ దాచను అంటుంది రెండోది. మాటలేమో అవి, పాడేదేమో గొణుగుతున్నట్టు. జనం నిమ్మరసం తాగుతూ కబుర్లలో పడ్డారు. రెండో చరణం మధ్యలో దానికే సిగ్గేసినట్టుంది, ఆగిపోయింది.

"కర్టిస్, శ్రుతి పైకి పెట్టు" అంది, మైకులోనే.

అతను కదల్లేదు. లవీనా అతని కోసం ఆగలేదు. గిటార్ లేకుండానే తలెత్తి ఆ కేక అందుకుంది. అంతే, కొట్టంలో పందులన్నీ లేచి తలుపులు గుద్దడం మొదలెట్టాయి. జనం గొల్లున నవ్వారు. అచ్చం కర్టిస్ భయపడ్డట్టే.

లవీనా కూడా నవ్వింది. నవ్వుతూనే ఇంకాస్త పైకెళ్లింది. నవ్వేవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. పాస్టరుగారి భార్య నాకంటే ముందే ఈల వేసింది. ఇక నేనెందుకు ఊరుకుంటాను?

కర్టిస్ చెమటలు కక్కుతూ తీగల మీద వెతికి వెతికి, చివరి కేకకి దాని శ్రుతి పట్టుకున్నాడు.

కిందికి దిగాక తలొంచుకుని అడిగాడు. "ఆదివారం చర్చిలో ఏ శ్రుతిలో వాయించమంటావ్ లవీ?"

"నేను మొదలుపెడతాను" అంది లవీనా. "నువ్వొచ్చి శ్రుతి కలుపు."