ఎండలో వాటా

తెరువెల్ కొండల్లో ఉన్న మా ఊళ్ళో చలికాలం మిగిలేది కొద్దిమందే. వాళ్ళలో కసిల్దా ఒకతె, ఆమె పక్కింటి లియోన్సియో ఒకడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నారు. తరవాత కసిల్దా సరగోసా నగరానికి వెళ్ళి ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంటమనిషిగా చేరింది. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక, చిన్నమ్మ రాసిచ్చిన ఇంటికి తిరిగొచ్చింది. లియోన్సియో ఊరు కదల్లేదు. గొర్రెలు కాశాడు, భార్యను పోగొట్టుకున్నాడు, మోకాళ్ళు అరిగాక గొర్రెలు అమ్మేసి కోళ్ళు పెట్టుకున్నాడు.

కసిల్దా ఇంటికప్పు మీద సోలార్ ప్యానెళ్ళు వేయించుకుంది. మా దగ్గర చలి ఎముకలు కొరికినా మధ్యాహ్నం ఎండ మాత్రం దండిగా కాస్తుంది. ఆ వేళ వచ్చే కరెంటు ఆమె ఒక్కదానికి చాలా ఎక్కువ. మిగిలిందంతా వీధి లైన్లోకి పోయేది. కరెంటు కంపెనీ దానికి చిల్లిగవ్వ ఇచ్చేది కాదు. గోడ అవతల లియోన్సియో ఇంట్లో సంగతి వేరు. బిల్లుకు భయపడి అన్నిటికన్నా తక్కువ లోడు కనెక్షన్ పెట్టించుకున్నాడు. హీటరు వేసి, కాఫీ కోసం కరెంటు పొయ్యి కూడా వేస్తే ఇల్లంతా చీకటి.

"ఒక మాట చెప్పనా," అంది కసిల్దా ఒకరోజు పెరటి గోడ మీంచి. "నా కరెంటు ఊరికే పోతోంది. ఇటునుంచి ఒక తీగ వేస్తాను. మధ్యాహ్నం పూట నీ హీటరు దానికి తగిలించుకో."

"ఊరికేనా? సరగోసాలో నీకు మతి పోయినట్టుంది."

"ఊరికే అని ఎవరన్నారు? గుడ్లు పెట్టు."

"నేనా, కోళ్ళా?"

ఆ మాటకి ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. మర్నాడే తీగ గోడ దాటింది.

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం లియోన్సియో పెరట్లోకొచ్చి, "కసిల్దా! ఎండ ఉందా?" అని అరిచేవాడు. నెత్తిన ఎండ మాడుస్తున్నా సరే అడిగేవాడు. ఆమె వంటింటి కిటికీ తెరిచి, "నీకు కళ్ళు లేవా? వేసుకో!" అనేది. కాస్సేపటికి అతను గుడ్లో, రెండు ఉల్లిపాయలో పట్టుకుని వచ్చేవాడు. కాఫీ తాగేవాళ్ళు, పేకాడేవాళ్ళు. అతను ముక్కలు దాచేవాడు, ఆమె తిట్టేది. పొద్దు కొండ వెనక్కి దిగుతుండగా లేచి వెళ్ళి హీటరు కట్టేసుకునేవాడు. సరగోసాలో అన్నేళ్ళున్నా కసిల్దా కోసం ఒక వేళకి వచ్చే మనిషంటూ ఎప్పుడూ లేడు.

తరవాత ప్రభుత్వం కొత్త ఉత్తర్వు తెచ్చింది. ఇంట్లో తయారు చేసుకుని వాడుకునే సోలార్ కరెంటు మీదా రుసుము కట్టాలన్నారు. జనం దానికి ఎండ పన్ను అని పేరు పెట్టారు. చిన్న ఇళ్ళకి ఆ రుసుము లేదని కొందరు, ఉందని కొందరు. ఒకరి కరెంటు ఇంకొకరికి పంచడం మాత్రం తప్పేనని అందరూ అన్నారు. ఊరి బార్‌లో అదే మాట.

"జరిమానా ఎంతో తెలుసా? అరవై మిలియన్ల యూరోల దాకా వేయొచ్చట," అంది బార్ నడిపే ఫెలీసా.

"ఊరు మొత్తం అమ్మినా అంత రాదు," అన్నాడు లియోన్సియో. "చర్చి గంట కూడా కలిపి చూశాను."

అందరూ నవ్వారు. కసిల్దా నవ్వలేదు. క్యాంటీన్‌లో ఒక్క పళ్ళెం తక్కువైనా పైవాళ్ళ ముందు నిలబడి జవాబు చెప్పుకుంటూ బతికిన మనిషి. ఆమెకు ప్రభుత్వం మీద జోకులు వేయడం చేతకాదు.

ఆ చలికాలమే మీటరు మార్చడానికి కంపెనీ మనిషి వచ్చాడు. పని ముగించి పెరట్లోకి తొంగి చూశాడు. గోడ మీద తీగ కనిపించింది.

"అమ్మా, ఇది ఎక్కడికి పోతోంది?"

కసిల్దా తీగకేసి, గోడ అవతలికేసి చూసింది.

"నేనేం చూడలేదు లెండి," అన్నాడతను సామాను సర్దుకుంటూ. "కానీ తరవాత వచ్చేవాడు చూడొచ్చు."

ఆ రోజు లియోన్సియో మోకాళ్ళు చూపించుకోవడానికి పట్నం వెళ్ళాడు. కసిల్దా కాసేపు వంటింట్లో కూర్చుంది. తరవాత లేచి, తీగ ఊడదీసి, శుభ్రంగా చుట్టి, ముడి వేసి, గోడకి అతని వైపు దింపింది. వచ్చాక చెప్పొచ్చులే అనుకుంది. తీరా బస్సు వచ్చిన చప్పుడు వినబడ్డాక కిటికీ మూసుకుంది.

అతను అరుస్తాడని ఎదురుచూసింది. ఏమే, నీ కరెంటు చచ్చిందా అని అడుగుతాడని, అప్పుడు అంతా చెప్పాలని అనుకుంది. అతను అరవలేదు. మర్నాడు మధ్యాహ్నమూ పెరట్లోకి రాలేదు. ఆ వారమంతా గోడ అవతల కోళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. చివరికి ఆమే వెళ్ళి తలుపు కొట్టింది.

"లియోన్సియో, ఆ తీగ... కంపెనీవాడు చూశాడు. నేను భయపడి..."

"చట్టం కదండీ," అన్నాడు లియోన్సియో. "మంచిపని చేశారు మీరు."

పలకా బలపం పట్టిన నాటినుంచి అతను ఆమెను 'మీరు' అనలేదు.

"లోపలికి రండి, చలిగా ఉంది," అన్నాడు మళ్ళీ.

ఆమె వెళ్ళలేదు. పొయ్యి మీద ఏదో పెట్టొచ్చానని చెప్పి ఇంటికొచ్చేసింది.

ఆ 'మీరు' అలాగే ఉండిపోయింది. బార్‌లో ఎదురైతే బాగున్నారా అనేవాడు. రొట్టెల బండి దగ్గర ఆమెకు దారి ఇచ్చేవాడు. చలి కాచుకోవడానికి గ్యాస్ సిలిండరు పొయ్యి ఒకటి కొనుక్కున్నాడు. ఎండ పన్ను ఆమె ఎప్పుడూ కట్టలేదు. ఎవరూ అడగనూ లేదు. ఆ తరవాత కంపెనీ మనిషి ఎవడూ ఆ పెరట్లోకి రాలేదు. మధ్యాహ్నం పూట కరెంటు తగలేయడానికి కసిల్దా సగం కూడా నిండని వాషింగ్ మెషిన్ వేసేది. ఒక్కత్తే తినలేనన్ని కేకులు కాల్చి బార్‌కి పంపేది.

కొన్నేళ్ళకు ప్రభుత్వం మారింది. రేడియోలో వార్త వచ్చింది, ఎండ పన్ను రద్దయిందని, ఇరుగుపొరుగులు కలిసి వాడుకోవచ్చని. కసిల్దా చేతులు కూడా తుడుచుకోకుండా పక్కింటికి పరుగెత్తింది.

"తీసేశారు! పంచుకోవచ్చట! తీగ మళ్ళీ వేద్దామా?"

లియోన్సియో కోళ్ళకు గింజలు చల్లుతున్నాడు. చల్లడం ఆపలేదు.

"వాళ్ళు వద్దంటే మీరు తీశారు. వాళ్ళు సరే అంటే వేస్తారు. నన్నెప్పుడు అడిగారు?"

"నాకు భయం వేసింది, లియోన్సియో."

"అది చెప్పుంటే ఇద్దరం కలిసి తీసేవాళ్ళం. తీగ పోయిందని నాకు బాధ లేదు. మీ కిటికీ మూసి ఉండటం చూశాను. నేనేదో దొంగనైనట్టు."

అతను గింజల బకెట్టు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ పైన ఊరి మేయరమ్మే పూనుకుంది. చలికాలం మనుషులుండే ఇళ్ళన్నీ కలిపి ఉమ్మడి సోలార్ కరెంటులో వాటాలు వేయించింది. లియోన్సియో కూడా కాదనలేదు. మునిసిపాలిటీ గదిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని సంతకాలు పెట్టారు. మధ్యలో తీగ కూడా అక్కర్లేదని, లెక్క అంతా బిల్లులోనే సర్దుబాటు అవుతుందని మేయరమ్మ చెప్పింది. "ఇక ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు," అంది సంతోషంగా. లియోన్సియో తల ఊపాడు. కసిల్దా కూడా ఊపింది.

ఆ జనవరిలో, మంచు బాగా పడిన ఒక మధ్యాహ్నం, ఆమె వెళ్ళి అతని తలుపు తట్టింది. లోపల హీటరు ఎర్రగా వెలుగుతోంది. లియోన్సియో కుర్చీ తుడిచి వేశాడు. కాఫీ ఇచ్చాడు. చక్కెర ఎంత కావాలని అడిగాడు. ఆమె ఎంత వేసుకుంటుందో అతనికి తెలుసు. అయినా అడిగాడు. మంచు గురించి, మోకాళ్ళ గురించి, రొట్టెల బండి రాలేదన్న సంగతి గురించి మాట్లాడుకున్నారు. పేకలు అలమారలో పైనే కనబడుతున్నాయి. ఇద్దరిలో ఎవరూ వాటి ఊసెత్తలేదు.

వెళ్ళేటప్పుడు అతను వాకిలి దాకా వచ్చాడు. మెట్టు మీద మంచు గడ్డకట్టింది, చూసి దిగండి అన్నాడు. ఆమె చూసి దిగింది. మర్యాదలో ఏ లోటూ జరగలేదు. ఎండాకాలం వచ్చేదాకా ఆమె మళ్ళీ ఆ తలుపు తట్టలేదు.