నూనె రాసిన పన్ను

ఆ పొద్దున ఆకాశం మబ్బు కమ్మి ఉంది. వానా పడలేదు, ఎండా రాలేదు. మా ఆవిడ ముఖమూ అలాగే ఉంది.

ఆమె బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎటు పోతుందో చెబుతుంది. మెట్ల మీద జారి ముందు పన్ను సగం విరిగాక ‘స’ అన్నప్పుడల్లా మైకులో ఈల మోగుతోంది. పళ్ల డాక్టరమ్మ రెండుసార్లు అతికితే రెండుసార్లూ ఊడి చేతికొచ్చింది. సోమవారానికి బాగవకపోతే సామాన్ల గదికి మారుస్తానన్నాడు పైఅధికారి.

బయలుదేరే ముందు మా అమ్మ చిన్న సీసా తెచ్చి, దూదితో కోడలి పన్నుకి లవంగ నూనె రాసింది.

“జివ్వుమనకుండా ఉంటుందమ్మా.”

“మీరుండబట్టి సరిపోయింది అత్తయ్యా. ఆ డాక్టరమ్మ పన్ను మీద గాలి కొడితే ప్రాణం పోతుంది.”

నాది గోడలకు రంగులు వేసే పని. ఇంట్లో మాటల పని వాళ్లిద్దరూ చూసుకుంటారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న అద్దం నోట్లో పెట్టి చూసి నిట్టూర్చింది.

“గోళ్లు కొరుకుతావా?”

“అబ్బే! ఆయన్నే కొరకలేదు, గోళ్లెందుకండీ?”

“మరెందుకు ఊడుతోందో అంతుపట్టడం లేదు. ఈసారీ నిలవకపోతే పన్నంతా అరగదీసి తొడుగు వేయాలి. అది సోమవారానికి అయ్యే పని కాదు.”

మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న నాకు, మందుల వాసన మధ్య లవంగాల ఘాటు తగిలింది. వెనకటి రెండుసార్లూ ఇదే వాసన.

“వచ్చే ముందు లవంగ నూనె రాసుకుంటుందండీ,” అన్నాను.

“నెలకో మాట మాట్లాడతారు. అదీ నామీద చాడీయేనా!” అంది మా ఆవిడ.

డాక్టరమ్మ మాస్కు కిందికి లాగి వాసన చూసి నవ్వేసింది. “మాస్కులో ఉండి నేను పసిగట్టలేదు, నువ్వూ చెప్పలేదు. ఆ నూనె తగిలితే పన్ను అతికే మందు సరిగా గట్టిపడదమ్మా. జిడ్డు గోడకి రంగు నిలుస్తుందా?”

నిలవదు. కానీ పన్నును గోడలా నేనెప్పుడూ చూడలేదు.

ఈసారి జివ్వుమనకుండా మత్తుసూది వేసింది. నూనె తగిలిన పై పొర సన్నగా గీకి, పొడితో తోమింది. ఉమ్మి తగలకుండా పన్ను చుట్టూ పల్చటి రబ్బరు గుడ్డ బిగించింది. నీలం రంగు మందు పూసి, కాసేపుంచి కడిగింది.

“ఇది పన్ను మీద కంటికి కనపడని గుంతలు చేస్తుంది. జిగురు వాటిలోకి దిగి పట్టుకుంటుంది,” అంది. గాలి కొంచెమే కొట్టింది. పన్ను లోపలి భాగం బొత్తిగా ఎండినా పట్టు రాదట. జిగురు పూసి, అది గట్టిపడడానికి నీలి దీపం చూపింది. ఆపైన పన్ను రంగు ముద్ద కొంచెం కొంచెంగా అద్దుతూ, పొర పొరకీ దీపం. మా ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండడం పెళ్లయ్యాక అదే మొదలు.

ఇంటికొచ్చాక సంగతి చెబితే అమ్మ నోరు నొక్కుకుంది. “అయ్యో, పాడుచేసింది నేనేనా!”

“నా బాధ చూడలేకే కదా రాశారు అత్తయ్యా. ఆ సీసా ఇక మీ పళ్లకే ఉంచుకోండి.”

“నాకున్నవెన్ని, రాయడానికి?”

సాయంత్రం మత్తు దిగాక మా ఆవిడ గొంతు సవరించుకుంది. “సామాను సరిచూసుకుని సరైన బస్సే ఎక్కండి.”

ఈల రాలేదు. అమ్మ మళ్లీ చెప్పించుకుంది. అప్పుడూ రాలేదు.

రొట్టెలు వడ్డించుకుని కూర్చున్నాం. మా ఆవిడ ముక్క తుంచలేదు, అంచును ముందు పన్నుతోనే కొరికింది. అమ్మా నేనూ నమలడం ఆపి ఆమె కంచంలోకి చూశాం. ఏమీ రాలి పడలేదు. ఆమె నిదానంగా నమిలి మింగి, మళ్లీ కొరికింది. మేమూ తినసాగాం.