పంతొమ్మిది కుండల ఫ్యూజు

అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని మా ప్లమ్ క్రీక్‌కి కరెంటిచ్చేది ఊరే. స్తంభాలూ, తీగలూ, లైన్‌మన్ ఎల్డన్ స్వోబొడా అంతా ఊరి సొత్తు. దాన్ని పెద్ద కంపెనీకి అమ్మేద్దామా వద్దా అని చేతులెత్తి తేల్చడానికి ఆ ఆదివారం మధ్యాహ్నం ఊరి హాల్లో మీటింగు పెట్టారు. అమ్మితే ఎల్డన్ ఉద్యోగం ఊడుతుంది. ఊరి ఆఫీసులో గుమాస్తాని నేను. నాకు ఒళ్ళు మండిపోతోంది.

తిండి లేకుండా మా ఊళ్ళో మీటింగు జరగదు. ఇంటికో కరెంటు కుండలో వంట తెచ్చి, చల్లారకుండా గోడ వెంట ప్లగ్గుల్లో పెడతారు. పంతొమ్మిది దాటితే బయట స్తంభం మీద ఫ్యూజు పోతుంది. ఇరవయ్యోదాన్ని ఎల్డన్ గుమ్మంలోనే ఆపేస్తాడు. కిందటిసారి పాస్టరు భార్యనే బీన్స్‌తో సహా వెనక్కి పంపాడు.

కంపెనీ మనిషి ట్రావిస్, మెరిసే బూట్లవాడు, లేచి నిలబడ్డాడు. "రాత్రీ పగలూ ఫోనెత్తుతామండీ. కరెంటు పోతే మీరిప్పుడు ఎవరికి చేస్తున్నారు?"

"ఎల్డన్ పెళ్ళానికి," అంది ముసలి ఇర్మా.

అందరూ నవ్వుతుండగా లైట్లు పోయాయి. ఎల్డన్ కుండలు లెక్కపెట్టాడు. పంతొమ్మిదే.

"లేవయ్యా ఎల్డన్," అంది ఇర్మా.

"తింటున్నా గదా. వాళ్ళ నంబరుకి చేసి చూడు పెద్దమ్మా."

ట్రావిస్ పంచిన కంపెనీ కాగితం చూసి, ఇర్మా ఫోను స్పీకర్లో పెట్టి చేసింది. ఫోన్లో అమ్మాయి, "అయోవా అంటే మీ వీధి పేరా అండీ?" అని అడిగి, పాట పెట్టి వెళ్ళిపోయింది. పదకొండు నిమిషాలు హాలంతా ఆ పాట విన్నాం. నాకు మహా సంతోషంగా ఉంది.

ఈలోగా బయటికెళ్ళిన ట్రావిస్ మొహం వేలాడేసుకుని వచ్చాడు. "నా కారు చార్జింగు ఆగిపోయిందండీ. ఇంటికెళ్ళేంత లేదు."

"ఎక్కడ పెట్టావు బాబూ?" అన్నాడు ఎల్డన్.

"హాలు వెనక, వెల్డింగు మిషను పెట్టే పెద్ద ప్లగ్గులో."

ఎల్డన్ చెంచా కింద పెట్టాడు. "ఇరవయ్యోది దొరికింది."

వెళ్ళి కారు ప్లగ్గు పీకి, పొడుగాటి కర్రతో కొత్త ఫ్యూజు పెట్టి, తన పళ్ళెం చల్లారకముందే వచ్చి కూర్చున్నాడు. అమ్మేద్దామనేవాళ్ళని చేతులెత్తమన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. లెక్కపెట్టే పని నాకు తప్పింది.

"కుండలు ఖాళీ అయ్యాక నీ కారు పెట్టుకో బాబూ," అన్నాడు ఎల్డన్. "అందాకా తిను."

ట్రావిస్ మూడుసార్లు వడ్డించుకున్నాడు. సాయంత్రం బయల్దేరుతూ, "దారిలో ఆగిపోతే ఎవరికి చెయ్యమంటారండీ?" అని నెమ్మదిగా అడిగాడు.

ఎల్డన్ పెళ్ళాం అతని కంపెనీ కాగితమే తిరగేసి, తమ ఇంటి నంబరు రాసిచ్చింది.