తడి ఆరకూడదు

సీసాను త్రాసు మీద పెట్టి, అంకెలు నిలకడగా ఆగేదాకా ఆమె ఊపిరి బిగపట్టింది. చీటీ మీద కిందటిసారి రాసినదానికన్నా నాలుగు గ్రాములు తక్కువ. మూత మెల్లగా విప్పింది. లోపల పసుపుపచ్చని పొడి తడిసిన ఇసుకలా ముద్దగా ఉంది. ప్లాస్టిక్ పిచికారీతో శుద్ధజలం చుక్కచుక్కగా పోసింది. తర్వాత తడిగుడ్డతో సీసా మెడ మీది మరచుట్లూ, మూత లోపలి మరచుట్లూ తుడిచింది, చంటిపిల్ల చెవి వెనక తుడిచినంత ఓపికగా. మూత పెట్టి తేదీ, బరువు రాసింది.

అది పిక్రిక్ ఆమ్లం. తడిగా ఉన్నంతకాలం సాధుజంతువు. ఎండితే దెబ్బకీ, రాపిడికీ పేలుతుంది. మూత మరచుట్ల మధ్య ఎండిన పలుకు ఒక్కటి చిక్కుకున్నా, ఆ మూత తిప్పిన చెయ్యి చెయ్యిగా మిగలదు. లోహం తగలనివ్వకూడదు, అందుకే ప్లాస్టిక్ మూత, ప్లాస్టిక్ గరిటె. ఇవన్నీ ఆమెకు నేర్పింది ఒక ముసలి ప్రొఫెసరు. ఏదో పరిశోధన కోసం ఆరు సీసాలు తెప్పించి, అర సీసా వాడి, ఆయన ఉద్యోగ విరమణ చేసి వెళ్లిపోయాడు. సీసాలు ఉండిపోయాయి. వాటితోపాటు ఆమె.

పందొమ్మిదేళ్లుగా ప్రతి సోమవారం ఇదే పని. ఆ పొడి అంటి అంటి ఆమె వేళ్ల చివర్లు పచ్చబడ్డాయి. చేతితొడుగులు ఇవ్వడం మొదలుపెట్టిన తర్వాత కూడా ఆ రంగు పూర్తిగా వదల్లేదు. పరిశోధనశాలలో అందరికీ ఆమె పసుపక్కే. అసలు పేరు జీతం పట్టీలో ఉంటుంది.

ఇంకోటి కూడా వదల్లేదు, ఆ చేతుల మెత్తదనం. ఇంట్లో గిన్నె మీద గిన్నె పెట్టినా చప్పుడయ్యేది కాదు. తలుపు వేస్తే గొళ్లెం పలికేది కాదు. బతికున్న రోజుల్లో భర్త విసుక్కునేవాడు, "ఇంట్లో మనిషున్నట్టా, లేనట్టా?" అని. ఆయన పోయి పన్నెండేళ్లు. సైకిల్ షాపు మీది ఒంటిగదిలో ఇప్పుడా ప్రశ్న అడిగేవాళ్లు కూడా లేరు.

ఒక్క చెల్లెలు ఉండేది. మూడు గంటల దూరంలో, మరో ఊళ్లో, కుట్టుమిషన్ పెట్టుకుని బతికేది. "అక్కా, నువ్వొచ్చెయ్యవే. ఇద్దరం ఒక పొయ్యి మీద వండుకుందాం" అని ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. ఆ ఊళ్లోనూ ఈ సంస్థకు శాఖ ఉంది. పసుపక్క నాలుగుసార్లు బదిలీకి దరఖాస్తు పెట్టింది. నాలుగుసార్లూ పరిశోధనశాల పెద్దసారు ఒకే మాట అన్నాడు: "నువ్వెళ్తే ఆ సీసాల సంగతెవరు చూస్తారమ్మా? వాటిని తీయించెయ్యమని పైకి రాశాను. అవి వెళ్లగానే నువ్వూ వెళ్లు." ఉత్తరాలు వెళ్తూనే ఉన్నాయి. సీసాలు వెళ్లలేదు.

కిందటి నెలాఖరులో చెల్లెలు జ్వరంతో మంచాన పడింది. పసుపక్క చేరేసరికి మాట పడిపోయింది. మర్నాడు పోయింది. పదకొండు రోజుల తర్వాత, ఈ సోమవారం, ఆమె మళ్లీ పనిలోకి వచ్చింది.

ఐదో సీసా అయ్యాక ఆరోదాని కోసం అలమారాలో చెయ్యి పెట్టింది. చోటు ఖాళీగా ఉంది.

"ఇది నా దగ్గరుందక్కా" అన్నాడు వెనకనుంచి స్టోరు గుమాస్తా. నలభయ్యేళ్ల మనిషి, మంచివాడు, భయస్తుడు. సెలవుపై వెళ్తూ ఆమె చెయ్యాల్సిన పనంతా ఒక కాగితం మీద రాసి అతనికే ఇచ్చింది. "నువ్వు రాసినట్టే నీళ్లు పోశా. దీన్లో కాస్త ఎక్కువై పొంగింది. తుడిచేసి బిగించా. మొన్న చూస్తే మూత పట్టేసింది. ఆరుతుందని నా బల్ల మీద ఫ్యాను కింద పెట్టా. ఇందాక గట్టిగా తిప్పినా రాలేదు."

ఆమె తిరిగి చూసింది. అతని ఒక చెయ్యి సీసా అడుగున, ఇంకో చెయ్యి మూత మీద. మూత అంచు చుట్టూ సన్నగా, ఉప్పు పేరుకున్నట్టు, పచ్చని పలుకులు మెరుస్తున్నాయి.

"తమ్ముడూ" అంది పసుపక్క, టైమెంతయిందని అడుగుతున్నట్టు. "మూత మీంచి చెయ్యి తియ్యి. మెల్లగా. అంతే. ఆ చెయ్యీ అడుగునే పెట్టు."

"ఏమైందక్కా?"

"ఏమీ కాలేదు. కాకుండానే కింద పెట్టేద్దాం."

తువ్వాలు నాలుగు మడతలు వేసి, అతనికి రెండడుగుల దూరంలో బల్ల మీద పరిచింది. అతని ముఖంలో రక్తం దిగిపోవడం ఆమెకు కనిపించింది. పారిపోవాలంటే తలుపు ఆమె పక్కనే ఉంది. ఆమె కదల్లేదు.

"నన్ను చూడకు, తువ్వాల్ని చూడు. ఒక్కడుగు. ఇంకొకటి. ఇప్పుడు మోకాళ్లు వంచు, నడుం కాదు."

సీసా అడుగు తువ్వాలును తాకింది. అతని చేతులు మాత్రం దాన్ని వదల్లేదు.

"వదిలెయ్యమంటావా?"

"వదిలెయ్."

ఒక్కొక్క వేలే విప్పి వదిలాడు. ఇద్దరూ బయటికొచ్చారు. ఆమె తలుపు ఎప్పటిలాగే చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, అప్పుడు పెద్దసారు గదికి వెళ్లి చెప్పింది. పది నిమిషాల్లో భవనమంతా ఖాళీ అయింది. ఆయన అక్కడికక్కడే పేలుడు పదార్థాల దళానికి ఫోన్ చేశాడు.

ప్రహరీ గోడ పక్కన అందరూ గుంపులుగా నిలబడ్డారు. గుమాస్తా ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"నేనేం తప్పు చేశానక్కా?"

"మరచుట్లు తడిగుడ్డతో తుడవలేదు. వాటిల్లోకి దిగిన తడి ఎండిపోయింది."

"అది నువ్వు రాయలేదుగా?"

"రాశాను. రెండో వైపు."

అతను జేబులోంచి కాగితం తీసి తిరగేశాడు. వేలితో ఒక్కో వరుసా పట్టి చదివాడు. పసుపక్కకు జాలేసింది. "వెనక చూడమని ముందువైపు రాయాల్సింది. అది నా తప్పే" అంది.

ఫోన్ చేసిన మూడు గంటల్లో దళం వచ్చింది. లావాటి కవచాలు తొడుక్కుని ఇద్దరు లోపలికెళ్లారు. ముందు పాడైన సీసాను ఇసుక నింపిన పెట్టెలో తెచ్చారు. తర్వాత మిగతా ఐదూ తెచ్చారు. దళం నాయకుడు శిరస్త్రాణం తీసి చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"వీటిని ఎవరు చూసేవాళ్లు?"

గుమాస్తా ఆమెను చూపించాడు.

"చాలాచోట్ల మేం వెళ్లేసరికి అన్నీ ఎండిపోయే ఉంటాయమ్మా. ఐదు సీసాలు ఇలా తడిగా ఉన్నాయంటే అంతా మీ చలవే. ఎన్నేళ్లుగా?"

"పందొమ్మిది."

"మరి ఇన్నేళ్లూ మమ్మల్ని పిలవలేదేం? ఫోన్ చేస్తే వచ్చేవాళ్లంగా."

పసుపక్క పెద్దసారు వైపు చూసింది. ఆయన చేతిలోని ఫోనును అటూ ఇటూ తిప్పుతూ, "పైకి రాస్తూనే ఉన్నామండీ" అన్నాడు. ఆమెకు ఆ మాట సగమే వినిపించింది. ఒక్క ఫోను. మూడు గంటలు. మనసులో లెక్క వేయబోయి, ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయింది. ఎన్ని ఆదివారాలు.

మిగతా ఐదు సీసాలూ దళం బండిలో వెళ్లిపోయాయి. సాయంత్రం ఊరి బయటి బీడులో పాడైన ఆ ఒక్క సీసానూ పేల్చారు. దూరంగా, ఎవరో మూట కింద పడేసినట్టు, ఒక చప్పుడు వినిపించింది. "ఇంతేనా" అని ఎవరో నవ్వారు. గుమాస్తా నవ్వలేదు.

పెద్దసారు ఆమెను గదికి పిలిచి, కూర్చోమన్నాడు. ఇన్నేళ్లలో ఆ కుర్చీలో కూర్చోవడం ఆమెకిదే మొదటిసారి.

"ఇక నీకు అడ్డేం లేదమ్మా. బదిలీ కాగితం పెట్టు, ఇవాళే సంతకం చేస్తాను."

"అక్కడిప్పుడెవరూ లేరండీ."

ఆయనకు గుర్తొచ్చింది. సెలవు పొడిగింపు కాగితం మీద కారణం ఆయనే చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అయితే ఇక్కడే ఉండు. నీలాంటి మనిషి మాకు దొరకదు."

ఆమె తన పచ్చని వేళ్ల వైపు చూసుకుంది.

"సెలవు కాగితం ఇప్పించండి."

"మళ్లీనా? ఎన్ని రోజులు?"

"ఉన్నవన్నీ."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. ఆమె ముఖం చూసి, సొరుగులోంచి కాగితం తీసి ఇచ్చాడు. ఆమె నింపి, సంతకం పెట్టి, అలమారా తాళంచెవి దాని మీద ఉంచి లేచింది. కుర్చీ జరిగిన చప్పుడు గదిలో గట్టిగా వినిపించింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

చీకటి పడేముందు దీపాలార్పడానికి కాపలావాడు స్టోరు గదిలోకి వెళ్లాడు. ఖాళీ అలమారా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. దాని ముందు, గదిలో తిరగడానికని పసుపక్క ఉంచుకున్న రబ్బరు చెప్పులు, మడమలు అరిగి, ఇంకా అటువైపే తిరిగి ఉన్నాయి.