మూతి కలవని బండి

ఆమె రోగుల ఇళ్లకు వెళ్లి కట్లు మార్చే నర్సు. పన్నెండేళ్ల నాటి ఎలక్ట్రిక్ కారులో రోజుకు ఏడెనిమిది ఇళ్లు తిరుగుతుంది. మధ్యలో ఒకసారి ఫాస్ట్ ఛార్జింగ్ చేయకపోతే బండి ఇల్లు చేరదు. ఒక సోమవారం పొద్దున ఛార్జింగ్ స్టేషన్‌కు వెళ్తే తన కారుకు సరిపోయే పాత ప్లగ్గు లేదు. దాన్ని పీకేసి, కొత్త రకం యంత్రాలు రెండు నిలబెట్టారు.

"ఇక దీన్ని మ్యూజియంలో పెట్టుకోవాలమ్మా," అన్నాడు స్టేషన్ కాపలాదారు. కారు కొన్న షోరూంకు వెళ్తే అక్కడి మేనేజర్ కారు వైపు చూడనైనా చూడకుండా కొత్త మోడల్ బొమ్మల పుస్తకం చేతిలో పెట్టాడు.

"మోటారు బాగుంది, బ్యాటరీ బాగుంది. ప్లగ్గు పెట్టే మూతి ఒక్కటే కలవట్లేదు. దానికి బండినే పారేయమంటారా?" అని పుస్తకం అక్కడే వదిలేసి వచ్చింది.

వదినతో చెప్పింది. వదిన ముప్పై ఏళ్లు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మెకానిక్. విని నవ్వింది.

"మూతులు కలవలేదని వదిలేసేదాన్నయితే మీ అన్నను పెళ్లయిన వారానికే వదిలేసేదాన్ని. రెండు మూతుల్నీ కలిపే అడాప్టర్ తెప్పిద్దాం."

అడాప్టర్ వచ్చింది. ఇటుకంత ఉంది, పరీక్షించిన ముద్ర ఉన్న సరుకు. బుధవారం ఇద్దరూ వెళ్లి తగిలిస్తే ఎర్ర దీపం వెలిగింది.

"నే చెప్పలా?" అన్నాడు కాపలాదారు.

"కరెంటు వదిలేముందు యంత్రమూ బండీ మాట్లాడుకోవాలి. ఇది మధ్యలో దుబాసీ. దీనికి కొత్త యంత్రం భాష రాదు, అంతే," అంది వదిన. ఆ సాయంత్రమే కొత్త సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌తో అందులోకి ఎక్కించింది.

గురువారం మళ్లీ ఎర్ర దీపమే. నర్సుకు ఏడుపొక్కటే తక్కువ. ఆ రోజు బస్సులు పట్టుకుని రోగుల ఇళ్లకు వెళ్లింది. వదిన మాత్రం సూచనల పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివింది. అడాప్టర్‌లోనూ చిన్న బ్యాటరీ ఉందట, అది పూర్తిగా దిగిపోయిందట.

దానికి ఛార్జ్ పెట్టి శుక్రవారం పదింటికి తగిలించారు. కారు లోపల టక్కుమంది. తెరమీద ఇరవై రెండు శాతం, ఇరవై మూడు... నర్సు వదిన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అంతలో స్టేషన్ సూపర్‌వైజర్ రొప్పుతూ వచ్చాడు. "ఇలాంటివి పెట్టకూడదు. ఆపేయండి."

"ఏ రూలు ప్రకారం?" అడిగింది వదిన.

"రూలంటే... మేం ఒప్పుకోం."

నర్సు సంచిలోంచి కాగితం, పెన్ను తీసి అతని ముందు పెట్టింది. "ఎందుకు ఆపారో రాసి సంతకం పెట్టండి. పదకొండింటికి ఒక పెద్దాయన కాలి పుండుకు కట్టు మార్చాలి. ఎందుకు రాలేదని అడిగితే ఇదే చూపిస్తా."

అతను కాగితం వైపు చూశాడు, యంత్రం వైపు చూశాడు. పెన్ను ముట్టుకోలేదు.

"ఈ ఒక్కసారికి..." అని గొణిగాడు.

"రేపూ వస్తా," అందామె.

వచ్చింది కూడా. ఆ తర్వాతా ఎవరూ ఆపలేదు. నెల తిరక్కముందే కాపలాదారు వదిన దగ్గరికొచ్చి తల గోక్కున్నాడు. "మా బావమరిదిదీ ఇలాంటి బండేనమ్మా. కాస్త చూస్తారా?"

"ఆదివారం తీసుకురమ్మను," అంది వదిన.